గోధుమ లేని ప్రసాదం

సత్యనారాయణ వ్రతకథ చివరికొచ్చేసరికి తుంగధ్వజుడనే రాజు వస్తాడు. వేటాడి అలసి మర్రిచెట్టు దగ్గరికి చేరతాడు. అక్కడ గొల్లలు తమవాళ్ళందరితో కలిసి స్వామిని పూజించుకుంటూ ఉంటారు. రాజు చూస్తాడు కానీ దగ్గరికి పోడు, నమస్కరించడు. వాళ్ళే ప్రసాదం తెచ్చి ఆయన ముందు పెడతారు. ఆయన ముట్టకుండా లేచిపోతాడు. నూరుగురు కొడుకులూ, సంపదా పోతాయి. దానికి ముందు కళావతి కథ. భర్త ఒడ్డుకు చేరాడని విని, ప్రసాదం పుచ్చుకోకుండానే పరుగెత్తింది. పడవ మునిగింది.

ఈ రెండు కథలూ పుట్టిన దగ్గర్నుంచి ఏటా కార్తికంలో వింటూనే ఉన్నాను. మా మనవడికి సీలియాక్ జబ్బని తేలిన ఏడాది మాత్రం వినడం కష్టమైంది. వాడు నా పక్కనే కూర్చున్నాడు. కథంటే చెవులప్పగించి వింటాడు. మంగళహారతి అయ్యాక అందరి చేతుల్లోనూ గోధుమరవ్వ ప్రసాదం పడింది, వాడి చేతిలో అరటిపండు ముక్క పడింది. కాసేపటికి నా కొంగు పట్టుకుని, "అమ్మమ్మా, నేను ప్రసాదం తినలేదు కదా, నాన్న విమానానికి ఏమవుతుంది?" అన్నాడు. మా అల్లుడు ఆ వారమే ఆఫీసు పనిమీద ఊరెళ్ళాడు.

"ఏమీ కాదు నాన్నా" అని చెప్పడం తేలికే, చెప్పాను కూడా. కానీ ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినదాన్ని. పిల్లవాడు మనసుపెట్టి అడిగిన ప్రశ్నకు బుజ్జగింపు జవాబు కాదని నాకు తెలుసు. కథ అబద్ధమనైనా వాడికి చెప్పాలి, లేకపోతే కథలో వాడికి చోటెక్కడో చూపించాలి. మొదటిది నేను చెప్పలేను, ఆ కథను నమ్ముతాను కాబట్టి. రెండోదాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

జబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. గోధుమ, బార్లీ, రై అనే గింజల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. పిండి తడిపితే సాగడానికీ, రొట్టె పొంగి నిలబడడానికీ కారణం అదే. సీలియాక్ ఉన్నవాళ్ళు అది తింటే వాళ్ళ ఒంట్లోని రక్షణశక్తే చిన్నపేగు గోడమీదికి తిరగబడుతుంది. ఆ గోడ లోపలి సన్నని నూగు అరిగిపోయి, తిన్నది ఒంటికి పట్టదు. పిల్లలు పెరగరు, రక్తం పట్టదు. మందు లేదు. జన్మంతా గ్లూటెన్ మానడమే వైద్యం. మన దేశంలో చేసిన ఒక పెద్ద సర్వేలో ఉత్తరాదిన నూటికి ఒకరికి పైగా, దక్షిణాదిన వెయ్యికి ఒకరికి ఉన్నట్టు తేలింది. అందుకే ఇక్కడ చుట్టాలకు జబ్బు పేరు కూడా కొత్త. దీనికి గోధుమే కారణమని గట్టిగా నిలబెట్టినవాడు విల్లెం డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల నెదర్లాండ్స్‌లో కరువొచ్చి రొట్టె దొరకని రోజుల్లో ఈ జబ్బు పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్ళీ చిక్కిపోవడం ఆయన గమనించాడు. ఊరంతా ఆకలితో చచ్చిపోతుంటే గోధుమ లేకపోవడమే కొందరు పిల్లల్ని బతికించింది. ఆ సంగతి చదివిన రోజు నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

మా ఇంట్లో రెండు మాటలు వినిపించాయి. "చిటికెడు నోట్లో వేసుకుంటే ఏమవుతుంది, స్వామే చూసుకుంటాడు" అన్నారు కొందరు పెద్దలు. ఇది భక్తి కాదని వాళ్ళ ముఖం మీదే చెప్పాను. పిల్లవాడి పేగును పందెం పెట్టి స్వామిని పరీక్షించే హక్కు మనకెవరిచ్చారు? ఇంకొందరు మెత్తగా, "వాడికి మినహాయింపు ఉందిలే, పండు పెట్టండి చాలు" అన్నారు. ఇందులో తప్పేమీ లేదు. అయినా నాకు రుచించింది కాదు. మినహాయింపు అనేది పంక్తి బయట కూర్చున్నవాడికి పంక్తి లోపలివాళ్ళు చూపే దయ. ప్రసాదం అందుకు కాదు. గొల్లలు రాజుకు వేరే వంటకం తెచ్చిపెట్టలేదు. తమ వంతులోంచే తెచ్చిపెట్టారు. తుంగధ్వజుడి తప్పు కడుపుకు సంబంధించింది కాదు. తనకంటే తక్కువవాళ్ళనుకున్న మనుషులు తింటున్నది తనకు తగదనుకోవడం ఆయన తప్పు. కళావతి కథ ఇంతకంటే గడ్డుది. ఆమెకు గర్వం లేదు, భర్తను చూడాలన్న తొందరే. మరి శిక్షెందుకు? నాకు తోచింది ఇది: ఇంటిల్లిపాదీ కలిసి చేసుకున్నదాన్ని పూర్తికాకుండా మధ్యలో విడిచి లేచిపోవద్దని ఆ కథ చెబుతోంది. వెనక్కి వచ్చి ప్రసాదం తినగానే పడవ తేలింది. రెండు కథల్లోనూ తప్పు పంక్తిని విడవడమే. మరి మా ఇంట్లో పంక్తిని విడిచింది పిల్లవాడా? వాడు తినలేనిది వండి వాడి పక్కన కూర్చున్నవాళ్ళమంతానా?

మా పురోహితులు గారిని అడిగాను. ఆయన ముందు వ్రతకల్పమే చూపించారు. స్వామికి అరటిపండు, నెయ్యి, పాలు, గోధుమపిండి, పంచదారో బెల్లమో సమర్పించమని చెబుతూనే, గోధుమ లేనప్పుడు బియ్యప్పిండి వాడవచ్చని అక్కడే ఉంది. పుట్టిన దగ్గర్నుంచి విన్న కథలో ఆ ఒక్క మాట నా చెవిన పడలేదంటే, అవసరం లేనివాడికి శాస్త్రంలోని దయ వినిపించదన్నమాట. "అయితే మన కొట్లో గోధుమ ఉందిగా, లేకపోవడమేమిటి?" అన్నాను. "తినేవాడి ఒంటికి పడకపోతే వాడికి లేనట్టే అమ్మా" అన్నారు.

నేను అక్కడితో ఆగలేకపోయాను. మీమాంసలో ప్రతినిధి అనే చర్చ ఉంది. జైమిని సూత్రాల్లో ఆరో అధ్యాయంలో వస్తుంది. యాగానికి విధించిన వడ్లు దొరక్కపోతే ఏం చెయ్యాలి? యాగం మానకూడదు, వాటికి దగ్గరగా ఉండే నివ్వరి ధాన్యం తెచ్చుకోవాలి. సోమలత దొరక్కపోతే పూతీక వాడుకోవాలి. కంటికి దగ్గరగా ఉన్నదేదో తెచ్చి పడెయ్యడం కాదు. విధించినదానితో పోలిక ఉండాలి, నిషిద్ధం కాకూడదు. ఇంత పట్టుదలగల శాస్త్రం కొన్నింటికి మాత్రం ప్రతినిధి లేదంది. దేవతకు బదులు మరో దేవత లేదు. మంత్రానికి బదులు మరో మంత్రం లేదు. యజమానికి బదులు మరో మనిషి లేడు, ఎందుకంటే ఫలం వాడిది. ఆ చర్చ శ్రౌతయాగాల గురించి, మా ఇంటి వ్రతం గురించి కాదని నాకు తెలుసు. దాన్ని ఇక్కడికి తెచ్చింది నేను, ఆ బాధ్యత నాదే. కానీ గింజను మార్చవచ్చు, మనిషిని మార్చకూడదు అన్న ఆ వరస నన్ను పట్టుకుంది. మేమేమో గింజను నిలబెట్టి, మనిషిని పక్కన కూర్చోబెట్టాం.

ఇంకో చోటు ఉంది, ఇది అందరికీ తెలిసిందే. అయోధ్యకాండలో చిత్రకూటం దగ్గర రాముడికి తండ్రి మరణవార్త తెలుస్తుంది. మందాకినిలో స్నానం చేసి, జలతర్పణం ఇచ్చి, దర్భల మీద పిండం పెడతాడు. ఆ పిండం బియ్యంతో చేసింది కాదు. ఇంగుదం, అంటే మన గారచెట్టు కాయల పిండిలో రేగుపండ్లు కలిపి చేసింది. అడవిలో వాళ్ళు తింటున్నది అదే. మనిషి ఏది తింటాడో వాడి దేవతలూ అదే తింటారని రాముడు తండ్రికి విన్నవించుకుంటాడు. తర్వాత కౌసల్య వచ్చి ఆ పిండాన్ని చూసి కుప్పకూలినంత పని చేస్తుంది. భూమినేలిన రాజు ఈ గారపిండి ఎలా తింటాడని ఏడుస్తుంది. ఏడ్చి, లోకంలో ఉన్న ఆ మాట నిజమేనని తానే అంటుంది. వాల్మీకి రాముడి ధైర్యం ఒక్కటే చెప్పి ఊరుకోలేదు, తల్లి దుఃఖమూ చెప్పాడు. నాకు ఇద్దరూ కావాలి. గోధుమరవ్వ ప్రసాదం ఇంట్లోంచి పోయినప్పుడు నాకూ దుఃఖమైంది. మా అమ్మ చేతి ప్రసాదం వాసన అది. అన్నవరం కొండ దిగుతూ ఆకుపొట్లం విప్పగానే వచ్చే నేతి వాసన అది.

అన్నవరంలో ఇప్పటికీ గోధుమరవ్వ ప్రసాదమే, అలాగే ఉండాలి. అది లక్షలమంది పంక్తి. మా వాడు పొట్లం రెండు చేతుల్తో అందుకుని కళ్ళకద్దుకుని నాకిస్తాడు, నేను తింటాను, వాడు చేతులు కడుక్కుంటాడు. స్వీకరించడం అంటే మింగడమే కాదని వాడికి చెప్పాను. నేను మాట్లాడుతున్నది మా ఇంటి పంక్తి గురించి.

వాడి పుట్టినరోజు కార్తికంలోనే వస్తుంది. వ్రతమూ, కేకూ ఒకే రోజు. అందుకని ఇంట్లో బాదం, జీడిపప్పుల పిండి ఆడడం మొదలుపెట్టాను. బయట దొరికే పిండి ఎందుకు కాదంటారా? మన పిండిమరలో గోధుమలు ఆడిన వెంటనే బియ్యం పోస్తారు. రాళ్ళ మధ్య మిగిలిన గోధుమ చాలు వాడికి జబ్బు తిరగబెట్టడానికి. కిలో పదార్థంలో 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉంటే గ్లూటెన్ లేనిదని అమ్మకూడదని మన దేశంలోనూ నిబంధన ఉంది. అంటే ఎంత సూక్ష్మంగా చూడాలో ఊహించుకోండి. ఇంట్లోనూ అంతే. వాడి పిండికి విడిగా మిక్సీ జారు, విడిగా జల్లెడ, విడిగా చెక్కగరిటె కొన్నాను. జల్లెడ ముఖ్యం, దాని కన్నాల్లో ఇరుక్కున్న గోధుమపిండి ఎంత కడిగినా వదలదు. బజారు ఇంగువలో కూడా చాలావాటికి గోధుమపిండి కలుపుతారని అప్పుడే తెలిసింది. మడి కట్టుకుని వండే ఇంట్లో పుట్టినదాన్ని. వేరే గిన్నె, వేరే గట్టు, ముట్టుకోవద్దనడం నాకు కొత్త కాదు. కానీ ఆ మడి వల్ల ఎవరికి ఆరోగ్యం కలిగిందో నేను చూపించలేను. ఈ మడి వల్ల ఒక పిల్లవాడు బరువు పెరగడం కళ్ళతో చూశాను. శుచి అన్నది ఎవరి కోసం అన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు నాకెప్పుడూ దొరకలేదు.

బాదం పిండి ఇలా చేస్తాను. నీళ్ళు తెర్లగానే దింపి బాదం పోసి, ఒకటి రెండు నిమిషాలకు వార్చేస్తే వేళ్ళతో నొక్కగానే తొక్క జారిపోతుంది. ఎక్కువసేపు ఉంచితే పప్పు నీళ్ళు తాగుతుంది. తొక్క తీశాక పల్చటి బట్టమీద పరిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. విరిస్తే ఠక్కుమని విరగాలి. ఏమాత్రం తడి ఉన్నా పిండి అవదు, ముద్దవుతుంది. ఆరిన పప్పును కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరుస్తాను. బాదంలో దగ్గర దగ్గర సగం నూనే. మిక్సీ తిరిగేకొద్దీ వేడెక్కుతుంది, వేడికి నూనె బయటికొస్తుంది, నూనె వచ్చిందంటే పిండి అంతా వెన్నలా అతుక్కుపోతుంది. అందుకని జారులో మూడో వంతుకు మించి పొయ్యకూడదు. ఒక్క తిప్పు తిప్పి ఆపాలి, జారు కదిలించి అడుగున పట్టింది పైకి తెచ్చి మళ్ళీ ఒక్క తిప్పు. ఒక చెంచా బియ్యప్పిండి కలిపితే ఊరిన నూనెను అది పీల్చుకుంటుంది. జల్లించి, పైన మిగిలిన మొరుమును తర్వాతి వాయితో కలిపి తిప్పాలి. ఆఖరి వాయి మొరుమును నేను పారెయ్యను. దాన్ని బియ్యప్పరవ్వతో కలిపి నేతిలో దోరగా వేయిస్తే గోధుమరవ్వకున్న పలుకు వస్తుంది. ఒట్టి బియ్యప్పరవ్వతో చేస్తే ప్రసాదం బంకగా ఉండేది. ప్రతినిధికి పోలిక ఉండాలన్న మాట వంటింట్లో ఇలా ఎదురైంది.

జీడిపప్పయితే ఇంకా మెత్తన, ఇంకా త్వరగా నూనె వదులుతుంది. గుండ్లు కొనక్కర్లేదు. పలాస ముక్కపప్పు ధర తక్కువ, పిండికి అదే చాలు. ఏ పిండైనా గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి, బయట ఉంటే ఆ నూనె కారణంగానే చిక్కువాసన పట్టేస్తుంది. నేను ఏ పూటకాపూటే ఆడుకుంటాను.

కేకుకు గుడ్డు వెయ్యను, నైవేద్యం కాబట్టి. గ్లూటెన్ లేదు, గుడ్డూ లేదు, మరి పట్టు ఎక్కడినుంచి వస్తుంది? వ్రతకల్పంలో చెప్పిన అరటిపండే ఆ పని చేసింది. బాగా మగ్గిన పండు మెదిపి, బెల్లం తురుము, నెయ్యి, కాస్త పెరుగు, ఏలకుల పొడి కలిపి, బాదం పిండిలో నాలుగో వంతు బియ్యప్పిండి, చిటికెడు సోడా వేసి కలుపుతాను. 160 డిగ్రీల మీద, ఇంచుమించు ముప్పావుగంట. బాదం పిండి త్వరగా ఎర్రబడుతుంది, సగం కాలాక పైన రేకు కప్పాలి. దింపగానే కొయ్యకూడదు, పొడిపొడిగా రాలిపోతుంది. పూర్తిగా చల్లారాక కోస్తే ముక్క నిలుస్తుంది. అది చల్లారేలోగా వ్రతం కథ దాకా వస్తుంది.

"బాదంకేకు స్వామికి నైవేద్యమా?" అని మా వదిన అడిగింది. అడగవలసిన మాటే. జీడిమామిడి బ్రెజిల్ చెట్టు. పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. పురాణాలు చెప్పినవాళ్ళు దాని పేరు వినలేదు. ఈరోజు ఏ గుళ్ళో చక్కెరపొంగలి అది లేకుండా ఉంది? వేరుశనగా అలా సముద్రం దాటి వచ్చిందే. మన ఇళ్ళలోకి వచ్చి మన తిండి అయ్యాక స్వామి తిండీ అయ్యాయి. గారపిండి పిండం పెట్టిన రాముడి మాటే ఇక్కడా పనిచేస్తోంది. బాదం కొనలేని ఇళ్ళలోనూ ఈ జబ్బు పిల్లలు ఉంటారు. వేరుశనగపప్పు దోరగా వేయించి, పొట్టు చెరిగి, చల్లార్చి ఇదే పద్ధతిలో ఆడుకోవచ్చు. నైవేద్యానికి దాన్ని తక్కువగా చూస్తే తుంగధ్వజుడికీ మనకూ తేడా లేదు.

వస్తువును మార్చడానికి వీల్లేదనే మతమూ ఉంది, దాన్ని తేలిగ్గా చూడకూడదు. హైదరాబాదులో డాక్టరు గది బయట కూర్చున్నప్పుడు గుంటూరు నుంచి వచ్చిన ఒక కతోలిక తల్లి పరిచయమైంది. ఆమె కూతురికి ఇదే జబ్బు. వాళ్ళ దివ్యసత్ప్రసాదపు అప్పం గోధుమతోనే చెయ్యాలి. 2003లో కార్డినల్ రాట్జింగర్ రాసిన లేఖ, 2017లో కార్డినల్ రాబర్ట్ సారా రాసిన లేఖ ఒకటే చెప్పాయి: గ్లూటెన్ బాగా తగ్గించిన గోధుమ అప్పం చెల్లుతుంది, గ్లూటెన్ అసలే లేనిది చెల్లదు. అమెరికాలో మిస్సోరిలోని క్లైడ్ అనే ఊళ్ళో బెనెడిక్టు సభ సన్యాసినులు గోధుమ గంజిపిండితో అలాంటి అప్పాలు చేస్తారు. అదీ పడనివాళ్ళకు ద్రాక్షారసం ఒక్కటే ఇవ్వవచ్చు. ఏ ఒక్కదాంట్లోనైనా క్రీస్తు సంపూర్ణంగా ఉన్నాడని వాళ్ళ విశ్వాసం కాబట్టి ఆ పిల్లకు లోటు లేదు. "ఆయన ఆ రాత్రి చేతిలోకి తీసుకున్నది రొట్టె కదండీ, దాన్ని మేమెలా మారుస్తాం?" అంది ఆ తల్లి. ఒక రాత్రి ఒకచోట జరిగినదానికి నమ్మకంగా ఉండడం వాళ్ళ ధర్మం. ఇక్కడ రొట్టె ఆ రాత్రికి సాక్షి. మా ప్రసాదం అలాంటి సాక్షి కాదు. ఇంట్లో తినేది స్వామికి చూపించి పంచుకోవడం అది. అయినా ఆమెకూ నాకూ ఒకచోట కలిసింది. పిల్ల తిననిది తల్లి ఒక్కతే తినడం ఇష్టంలేక, ఫాదర్ గారి అనుమతితో తనూ కూతురి పక్కన నిలబడి ద్రాక్షారసమే పుచ్చుకుంటుందట.

ఇప్పుడు మా ఇంట్లో వ్రతానికి గోధుమ రాదు. కేకూ, బాదం మొరుముతో చేసిన ప్రసాదమూ అందరికీ ఒకటే. మనవడే అందరికీ పంచుతాడు. చేతిలో పెట్టేముందు ప్రతివాళ్ళనీ "మీకు ఇది పడుతుందా?" అని అడుగుతాడు. అలా అడగమని నేను నేర్పలేదు. పోయినేడు పక్క ఫ్లాటువాళ్ళ పాప, "నాకు జీడిపప్పు, బాదం తింటే గొంతు వాస్తుంది" అంది. మా వాడు పళ్ళెం వెనక్కి తీసుకుని నా వైపు చూశాడు. ఆ పాపకు అరటిపండు పెట్టి ఊరుకోమని నేను ఎలా చెప్పను? ఏ మాట అనకుండా వంటింట్లోకి వెళ్ళాం. వాడి జారు, వాడి జల్లెడ రెండూ బాదం తగిలినవే కాబట్టి వాటి జోలికి పోలేదు. మా వదిన రుబ్బురోలు కడిగి, పొద్దున్న దేనికో నానబోసిన బియ్యం రుబ్బింది. నేను కొబ్బరి కోరాను. బెల్లం, నెయ్యి వేసి ఉడికించి, మళ్ళీ స్వామి ముందు పెట్టి, అందరం మళ్ళీ కూర్చున్నాం. ఈ కార్తికానికి ముందుగానే ఎవరెవరు వస్తున్నారో, ఎవరికి ఏది పడదో కనుక్కుని రాసుకునే పని వాడికి అప్పజెప్పాను. ఇంకా ఇద్దరి దగ్గర్నుంచి కబురు రావాలి. అది వచ్చాక ఏ పిండి ఆడాలో చూస్తాం.